తొడుగు అనాలా, కవచం అనాలా? బోర్డు రాసే ముందు కొన్ని మాటలు

నమస్కారమండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. భీమవరం దగ్గర రొయ్యలు శుద్ధి చేసే షెడ్డులో మీరు సూపర్‌వైజరు. పనివాళ్ళ కోసం తెలుగులో భద్రతా బోర్డులు, ఒక చిన్న పుస్తకం తయారు చేయాలి. మీ దగ్గరున్న ఇంగ్లీషు ప్రతిలో ఒకే మాట పదిచోట్ల ఉంది. చేతి గ్లౌజుకీ అదే, మోటారు బెల్టు మీది రేకుకీ అదే, వైరు మీది ప్లాస్టిక్కుకీ అదే, బయట ఐసు పెట్టెల మీద వేసే పట్టాకీ అదే. అన్నిటికీ "రక్షణ కవచం" అని రాసేస్తే సరిపోతుందా, లేక "తొడుగు" అనాలా, అసలు తొడుగు అనే మాట ఎంతవరకు సాగుతుంది అని అడిగారు.

నేను కోనసీమ బడుల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. రిటైరయ్యాక రైసుమిల్లులకీ కొబ్బరి పీచు యూనిట్లకీ రొయ్యల షెడ్లకీ బోర్డులు, కరపత్రాలు రాసిపెడుతున్నాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అన్నిటికీ ఒకే మాట పెట్టకండి. ఒక్కో వస్తువు దగ్గరికి వెళ్ళి, దాన్ని రోజూ వాడే మనిషిని "దీన్ని ఏం చేస్తారు?" అని అడగండి. తొడుక్కుంటాం అంటే అది తొడుగు. కప్పుతాం అంటే కప్పు. చుట్టుతాం, పూస్తాం, బిగిస్తాం, దించుతాం, పరుస్తాం అంటే వాటికి వేరే పేర్లున్నాయి. తెలుగులో రక్షణ ఇచ్చే వస్తువుల పేర్లు ఆ వస్తువు వేసే తీరుని బట్టి పుట్టాయి. క్రియ పట్టుకుంటే పేరు దానంతటదే వస్తుంది.

ఇక తొడుగు. మనవాళ్ళు చొక్కా తొడుక్కుంటారు, చెప్పులు తొడుక్కుంటారు, గాజులు తొడిగించుకుంటారు, పెళ్ళిలో ఉంగరం తొడుగుతారు. కానీ చీర కట్టుకుంటారు, తలపాగా చుట్టుకుంటారు, టోపీ పెట్టుకుంటారు, దుప్పటి కప్పుకుంటారు. ఒంటి మీదకి వచ్చే గుడ్డలే అయినా ఇన్ని క్రియలు ఎందుకు? తొడుక్కునే వాటిని ఒక వరసలో పెట్టి చూడండి. ప్రతిచోటా ఏదో ఒకటి లోపలికి దూరుతుంది. చేతులు చొక్కాలోకి, పాదం చెప్పులోకి, మణికట్టు గాజులోకి, వేలు ఉంగరంలోకి. దూరింది బిగుతుగా నిలుస్తుంది. చీరలో అలా దూరేదేమీ లేదు, టోపీ నెత్తిన కూర్చుంటుందే తప్ప నెత్తి అందులో దూరదు. అందుకే "టోపీ తొడుక్కో" అంటే మన చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. తొడుగు మాటకి మూలం ఇదే అని నా అభిప్రాయం. ఆకారానికి సరిపడా ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలోకి వస్తువు దూరాలి, దూరి నిలవాలి. అటు చివర మూసి ఉండాలన్న నియమం లేదు. గాజుకీ ఉంగరానికీ రెండు వైపులా ఖాళీయే కదా.

ఇది మన ఒక్కరి మాట కాదు. తమిళంలో తొడి అంటే గాజు. కన్నడంలో తొడు అంటే వేసుకోవడం, వాళ్ళు బట్టలూ నగలూ కలిపి "ఉడుగె తొడుగె" అంటారు. మన పాత తెలుగులో తొడవు అంటే నగ. అంటే ఈ మాటకి రక్షణ అనే అర్థం కంటే అలంకారం అనే అర్థమే దగ్గరిది. మొదట ఒంటికి వేసుకునేది, తర్వాత వస్తువుకి వేసేది. మీ పుస్తకంలో "తొడుగు" అని రాసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ మాట ఒక్కటే వింటే ఎవరికీ ప్రమాదం గుర్తురాదు. "చేతి తొడుగు", "వేలి తొడుగు" అని దేనికో చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి.

చెట్లకి ఈ క్రియ వాడినప్పుడు మాత్రం దిశ మారిపోతుంది. మామిడి చిగురు తొడిగింది, మల్లె మొగ్గ తొడిగింది అంటాం. అక్కడ దేంట్లోనూ ఏదీ దూరలేదు, లోపల్నించి బయటకొచ్చింది. చెట్టు కొత్త నగ పెట్టుకున్నట్టు చూసిన మనిషెవరో ఆ మాట అని ఉంటాడు. తొడవు అంటే నగ అని తెలిశాక ఈ వాడుక నాకు ఇంకా అందంగా తోస్తుంది.

వస్తువుల దగ్గరకొస్తే తొడుగు చాలా దూరం పోతుంది. అరిగిన పంటికి తొడుగు వేయిస్తారు. రావులపాలెం వైపు అరటి తోటల్లో గెలలకి ప్లాస్టిక్ సంచులు తొడుగుతారు, కాయ మీద మచ్చ పడకుండా, ఆకు రాసుకోకుండా. పూర్వం పండగలకి ఎడ్ల కొమ్ములకి ఇత్తడి కుప్పెలు తొడిగేవారు. కుప్పె అంటే కొమ్ము మొనకి పెట్టే చిన్న తొడుగు. రోకలి చివర అరగకుండా, చీలకుండా ఇనప పొన్ను ఉండేది, అదీ తొడుగే. పొన్ను వేసిన కర్రకి పొన్నుకర్ర అని పేరే వచ్చింది. కుప్పె, పొన్ను లాంటి మాటలు తెలిసినవాళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్నారు, వాళ్ళుండగానే మనం రాసి పెట్టుకోవాలి. గొడుగు కర్రకీ చేతికర్రకీ అడుగున ఉండే రబ్బరు ముక్కకి పొన్ను కంటే మంచి మాట ఇంకొకటి లేదు. మందుల షాపులో అడిగితే "స్టిక్ బుష్" అంటున్నారు.

పొలంలో, తోటలో ఈ సంగతి ఇంకా బాగా కనిపిస్తుంది. మన డెల్టాలో మనుషులకి ఇది చెప్పడం తేలిక, ఎందుకంటే వరి మొక్కే తొడుగుల మీద నిలబడ్డ మొక్క. వరి ఆకు కింది భాగం కాండాన్ని చుట్టూ పట్టుకుని గొట్టంలా ఉంటుంది. పోటాకు, అంటే కంకికి ముందు వచ్చే చివరి ఆకు, దాని కింద ఆ గొట్టంలోనే కంకి పెరుగుతుంది. అప్పుడు మన రైతు "చేను పొట్టమీదుంది" అంటాడు. తొడుగుకి ఇంతకంటే గొప్ప పేరు నేను వినలేదు. బిడ్డని మోసే చోటుకీ కంకిని మోసే చోటుకీ ఒకటే మాట. ఆ తొడుగుకి జబ్బు చేస్తే వచ్చే తెగుళ్ళ పేర్లూ అంత బాగానే ఉంటాయి. నీటి మట్టం దగ్గర ఆకు తొడుగు మీద పాము ఒంటి మచ్చల్లా వస్తే పాముపొడ. కంకి బయటికి రాకముందే దాన్ని పట్టుకున్న తొడుగు కుళ్ళి, కంకి సగంలో ఇరుక్కుపోతే పొట్టకుళ్ళు. మార్టేరు వరి పరిశోధనా స్థానం చుట్టుపక్కల ఏ రైతునడిగినా ఈ రెండూ విడమరచి చెబుతాడు.

కొన్ని వ్యవసాయ కరపత్రాల్లో దీన్ని "ఆకు తొడిమ" అని రాస్తున్నారు. అది నాకు నచ్చదు. తొడిమ అంటే పువ్వుకీ కాయకీ ఉండే కాడ. వంకాయ తొడిమ, మందారం తొడిమ. వరి ఆకుకి కాడ లేదు, చుట్టూ పట్టుకున్న తొడుగే ఉంది. తొడిమ మీద మందు కొట్టమంటే కొత్తగా వ్యవసాయానికి వచ్చిన కుర్రాడు ఎక్కడ చూడాలి? "ఆకు తొడుగు" అంటే చూడాల్సిన చోటు కళ్ళకి కడుతుంది. మాట సరిగ్గా ఉంటే పిచికారీ కూడా సరైన చోట పడుతుంది.

అరటి సంగతి ఇంకా వింత. మనం చెట్టు అనుకునే బోదె మొత్తం ఆకు తొడుగులే, ఒకదాన్నొకటి కౌగిలించుకుని ఉంటాయి. ఒక్కోటీ ఊడదీస్తే దొప్ప, అన్నీ తీసేస్తే మధ్యలో మిగిలేది దూట. దూట కూర వండుకుంటాం. దొప్పలు కార్తీకం వెళ్ళిన మర్నాడు పోలి పాడ్యమికి కాలవ గట్టుకి వెళతాయి. తెల్లారకముందే ఆడవాళ్ళు అరటి దొప్పలో ఒత్తులు వెలిగించి నీళ్ళలో వదులుతారు. నిన్నటి దాకా కాండాన్ని కాసిన తొడుగు ఆ పూట దీపాన్ని కాస్తుంది. కానీ దాన్ని ఎవరూ తొడుగు అనరు చూడండి. బోదెలో ఉన్నంతసేపే తొడుగు, ఊడివచ్చాక దొప్ప. కప్పే వస్తువు తన పని మానేస్తే తెలుగు దాని పేరు కూడా మార్చేస్తుంది. కొబ్బరి డొక్క, ఊక కూడా లోపలిది తీసేశాక చేతిలో మిగిలేవాటి పేర్లే, గమనించారా?

ఇప్పుడు మీ "కవచం" దగ్గరికి వస్తాను. ఇది సంస్కృతం మాట, యుద్ధం మాట. కర్ణుడికి పుట్టుకతో వచ్చిన కవచం ఒంటికి అంటుకుని ఉంది, ఇంద్రుడు అడిగితే కోసి ఇవ్వాల్సి వచ్చింది. భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రుడికి నేర్పిన నారాయణ కవచం అయితే ఇనుముతో పనిలేని కవచం, అది మంత్రం. గుళ్ళో పండగ రోజు స్వామికి వెండి కవచం వేశారంటే భక్తితో చూస్తాం. రైళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఆపే వ్యవస్థకి కూడా "కవచ్" అని పేరు పెట్టారు. అంటే ఈ మాటలో బరువు ఉంది, గౌరవం ఉంది, కనపడని రక్ష అనే భావం ఉంది. ఆ బరువు వల్లే షెడ్డు గోడ మీద అది పనిచేయదు.

ఇది ఊహించి చెప్పడం లేదు. చాలా ఏళ్ళ కిందట ఒక రైసుమిల్లుకి నేనే బోర్డు రాసిచ్చాను. "యంత్రము నడుచుచుండగా రక్షణ కవచమును తొలగించరాదు" అని. అక్షరం దోషం లేదు. నెల తిరక్కుండా ఒక కుర్రాడు బెల్టు జారుతోందని చూడ్డానికి పైనున్న రేకు తీశాడు. భుజం మీది తువ్వాలు కొస బెల్టులో చుట్టుకుంది, లాక్కోబోయాడు. పక్కవాడు స్విచ్చి కట్టేశాడు కాబట్టి రెండు వేళ్ళతో పోయింది. నేను వాళ్ళింటికి వెళ్ళాను. "బోర్డు చూశావా నాన్నా?" అని అడిగితే, "చదివానండి మాష్టారూ, కవచం అంటే గోడకున్న ఎర్ర పెట్టె అనుకున్నాను. బెల్టు మీది దాన్ని మేం గార్డు రేకు అంటామండి" అన్నాడు. ఆ రోజు నుంచి నేను బోర్డు రాసే ముందు మిల్లులో ఒక పూట కూర్చుని, ఏ వస్తువుని ఎవరు ఏమంటారో కాగితం మీద రాసుకుంటున్నాను. మీరూ ఆ పని చేయండి. ఈ జవాబులో మీరు ఇంకేదీ పట్టించుకోకపోయినా ఇది ఒక్కటీ చేయండి.

కాబట్టి బెల్టు మీదిది "గార్డు రేకు". దాన్ని బిగిస్తారు, విప్పుతారు. "తొడుగు" అని రాసినా తప్పే, బెల్టు అందులో దూరలేదు, రేకు బెల్టుకి అడ్డంగా నిలబడింది.

వైరు మీదిది? మన ఎలక్ట్రీషియన్లు దాన్ని తోలు అంటారు. "తోలు వలిచి జాయింటు వెయ్యి" అంటారు. నాకు ఆ మాట చాలా ఇష్టం, లోపలున్నది ప్రాణం ఉన్నదన్నట్టు ధ్వనిస్తుంది. చెరువు గట్ల మీద ఏరియేటర్ల (నీళ్ళలో గాలి కలిపే యంత్రాల) వైర్లు నీళ్ళలో తడుస్తూ ఎలకలు కొరికి పడి ఉంటాయి, కరెంటు షాకుతో మనుషులు పోతున్నారు. అలాంటి చోట "విద్యుత్ నిరోధక పొర దెబ్బతిన్నచో" అని రాయకండి. "తోలు ఊడిన వైరు కనపడితే ముట్టుకోవద్దు, మెయిన్ ఆపి చెప్పండి" అని రాయండి.

ఇక కప్పు. పైనుంచి వచ్చి కింద ఉన్నదాన్ని కాసేది కప్పు. ఇంటికి కప్పు, చలికి కప్పుకునే దుప్పటి, తప్పుని కప్పిపుచ్చడం. పాత తెలుగులో కప్పు అంటే నలుపు కూడా. మన వైపు తాటాకు కప్పుని "నేయడం" అనేవారు, "ఈ ఏడు ఇల్లు నేయించాలి" అని. ధాన్యం రాశికి మన మాట బరకం. అందరూ టార్పాలిన్ అంటున్నా, కళ్ళంలో ఇంకా బరకాలే ఉన్నాయి. కింద పరిస్తే ధాన్యం ఆరుతుంది, మబ్బు పడితే అదే పైన కప్పుతారు. ఒక గుడ్డ, రెండు క్రియలు. సార్వా (వానాకాలం వరి) కోతలు నవంబరులో, తుఫాన్లూ నవంబరులోనే. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కోనసీమలో ఉన్నవాళ్ళకి కప్పు అనే మాట విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. మీ ఐసు పెట్టెల మీదిది బరకం, దాన్ని కప్పుతారు. అంతే రాయండి.

కోనసీమ ఇసక నేలల్లో నుయ్యి తవ్వితే గోడలు విరిగి పడతాయి. అందుకని లోపల సిమెంటు వరలు దించుతారు, పూర్వం కాల్చిన మట్టివి ఉండేవి. ఈ వర పాత పేరు ఒర. కత్తి ఒర కూడా అదే మాట. కత్తిని బయటినుంచి పట్టుకున్నది ఒర, నూతిని లోపలినుంచి పట్టుకున్నదీ ఒరే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటాం. మీ షెడ్డులో చేపలు కోసే కత్తులకి ప్లాస్టిక్ ఒరలుంటే వాటిని తొడుగులు అనొద్దు, ఒర అనే రాయండి. తొడుగు ఉన్నంతసేపూ లోపలి వస్తువు తన పని చేస్తూనే ఉంటుంది: గ్లౌజులో చెయ్యి పనిచేస్తుంది, బూటులో కాలు నడుస్తుంది. ఒరలో కత్తి పని మాని పడుకుంటుంది, పని కావాలంటే బయటికి దూయాలి. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక బోలెడు చిక్కులు విడిపోయాయి.

ముసుగు గురించి రెండు ముక్కలు. ముసుగు కాస్తుంది కానీ, అంతకంటే ముందు దాస్తుంది. ముసుగు దొంగ, ముసుగులో గుద్దులాట, ముసుగు తన్ని పడుకోవడం. కాబట్టి ముక్కుకి కట్టేదాన్ని "ముఖ ముసుగు" అనకండి. మాస్కు అనే మాట ఊరూరా స్థిరపడింది, అదే రాయండి.

"కవరు" అసలు వాడకండి. మన దగ్గర కవరు అంటే ఉత్తరం పెట్టేది, లేదా కొట్లో సరుకులేసిచ్చే ప్లాస్టిక్ సంచి. "చేతికి కవర్లు వేసుకోండి" అని బోర్డు పెడితే నిజంగానే ప్లాస్టిక్ సంచులు చేతికి చుట్టుకుని పనిచేసిన ఆడవాళ్ళని నేను చూశాను. చెమట పట్టి, లోపలికి క్లోరిన్ నీళ్ళు పోయి వేళ్ళ మధ్య పుళ్ళు పడ్డాయి వాళ్ళకి.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఆరోగ్య ప్రచారాల్లో కుటుంబ నియంత్రణ సాధనానికి కూడా తొడుగు అనే వాడతారు. అది సరైన వాడుకే, తొడుగు అర్థానికి పూర్తిగా సరిపోతుంది కూడా. కానీ షెడ్డులో ఎక్కువమంది ఆడవాళ్ళు కదా. గుమ్మం మీద "తొడుగు లేనిదే లోనికి రాకూడదు" అని పెడితే వాళ్ళు ఇబ్బంది పడతారు, బోర్డు మీద గౌరవం పోతుంది. ఎప్పుడూ విడిగా "తొడుగు" అని రాయకండి. "చేతి తొడుగు", "కాలి తొడుగు" అని ముందు ఒంటి భాగం పేరు ఉండాలి.

పూతకీ తాపడానికీ ఉన్న తేడా కూడా మీకు పనికొస్తుంది, ఎందుకంటే మీ ప్రతిలో ఇనప పైపుల మీద పెయింటుకీ అదే ఇంగ్లీషు మాట ఉందన్నారు. ద్రవంగా రాసి ఆరనిచ్చేది పూత. ఆత్రేయపురం పూతరేకులో పూత ఆ పూతే, వేడి కుండ మీద పిండి నీళ్ళు పూస్తే వచ్చే పొర. రేకుగా కొట్టి అంటించి బిగించేది తాపడం, గుడి తలుపుకి ఇత్తడి తాపడం, గోపురానికి బంగారు తాపడం. పైపులకి వేసేది పూత. తుప్పు పట్టకుండా పూత. ఇందులో సందేహం లేదు.

ఇప్పుడు కాస్త పాత మాటలు. మీ బోర్డుకి ఇవి పనికిరావు గానీ, మీరు మాట మీద ఇష్టంతో అడిగినట్టు కనపడింది, అందుకని చెబుతున్నాను.

కుబుసం అంటే మనకిప్పుడు పాము విడిచేది. పాత తెలుగులో అది రవిక, చొక్కా కూడా. సంస్కృతంలో కంచుకం కూడా సరిగ్గా ఇలాగే. రవికా అదే, కవచమూ అదే, పాము కుబుసమూ అదే. రెండు భాషలవాళ్ళూ పాముని చూసి ఒకే సంగతి అనుకున్నారు, అది చొక్కా విడిచిందని. మీ చెరువుల్లో రొయ్య కూడా కుబుసం విడుస్తుంది. అమావాస్యకీ పున్నమికీ ఎక్కువగా విడుస్తాయని రైతులు ముందే చూసుకుంటారు. కొత్త పెంకు గట్టిపడేదాకా రొయ్య మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది, తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి. కాల్షియం, మెగ్నీషియం చాలకపోతే పెంకు గట్టిపడదు. పెరగాలంటే రక్ష విడవాల్సిందే, విడిచిన ఆ కాసేపే పెద్ద గండం. "మౌల్టింగ్" అని చెబితే ఇందులో సగం అందదు. కుబుసం అనండి, పాముని చూసిన ప్రతి మనిషికీ అర్థమవుతుంది.

జోడు అంటే జంట. చెప్పుల జోడు, కళ్ళజోడు. పాత నిఘంటువులు తిరగేస్తే జోడు అంటే కవచం అని కూడా ఉంటుంది. ఇప్పుడు మనకి మిగిలింది కళ్ళజోడు. వెల్డింగు చేసే కుర్రాడు పెట్టుకునే నల్లద్దాలకి ఆ మాట ఎంత చక్కగా సరిపోతుందో చూడండి, కళ్ళకి జోడూ అదే, కళ్ళకి కవచమూ అదే.

అన్నిటికంటే నాకు బాధ కలిగేది గవిసెన పోవడం. వీణకో మృదంగానికో పల్లకీకో కుట్టే గుడ్డ తొడుగుని గవిసెన అనేవారు. మా అమ్మమ్మగారింట్లో పాత హార్మోనియం ఉండేది. మేనమామ హరికథలకి వంత వాయించేవారు. అమ్మమ్మ పాత పట్టుచీర కొంగుతో దానికి గవిసెన కుట్టింది, లోపల మెత్తటి నూలు గుడ్డ, అంచుకి నాడా. ఎవరైనా పెట్టెని బయటికి తెస్తే "ముందు గవిసెన మడత పెట్టండ్రా" అని కేకేసేది. మేనమామ పోయాక పెట్టె ఎటో పోయింది, గవిసెన మాత్రం మా బీరువాలో ఉంది. మడతల దగ్గర చిరిగింది, మా ఆవిడ మళ్ళీ కుట్టింది. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది, ప్రతి ఫోనుకీ కవరు ఉంది. లాప్‌టాప్‌కి సంచి, గ్యాసు బండకి గుడ్డ, కుట్టుమిషనుకి గుడ్డ. దిండుకి గలీబు అనే అరబ్బీ మాట తెచ్చుకుని సొంతం చేసుకున్నాం, దర్జీలు వేలికి పెట్టుకునే అంగుస్తానా పారశీకం నుంచి వచ్చింది, ఆ రెండూ నాకు ఇష్టమే. వాటి పక్కన గవిసెనకి కూడా చోటు ఉండాలి. మీ పుస్తకంలో తూకం యంత్రానికి రాత్రి వేసే గుడ్డ సంచి గురించి ఒక వాక్యం ఉందన్నారు కదా. వీలైతే అక్కడ గవిసెన అని రాయండి, పక్కనే "గుడ్డ తొడుగు" అని అర్థం ఇవ్వండి. ఒక్కరు నేర్చుకున్నా చాలు నాకు.

చివరిగా మీ బోర్డు. నేనైతే ఇలా రాస్తాను, మీ పనివాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళు వేరే మాట చెబితే ఆ మాట పెట్టండి.

లోపలికి వచ్చేముందు గమ్‌బూట్లు తొడుక్కోండి.
చేతులకి గ్లౌజులు తొడుక్కోండి. చిరిగితే వెంటనే కొత్తవి అడగండి, డబ్బు తీసుకోం.
తలకి టోపీ పెట్టుకోండి, జుట్టు మొత్తం లోపల ఉండాలి. ముక్కూ నోరూ మూసేలా మాస్కు కట్టుకోండి.
కత్తి పని అయిపోతే ఒరలో పెట్టండి.
బెల్టు మీది గార్డు రేకు తీయవద్దు. తీయాల్సి వస్తే ముందు మెయిన్ ఆపండి.
తోలు ఊడిన వైరు ముట్టుకోవద్దు.

గ్లౌజులని బోర్డు మీద "చేతి తొడుగులు" అని రాయలేదని మీరు అనుకోవచ్చు. పుస్తకంలో రాయండి, అక్కడ చదివేవాడికి ఆగి ఆలోచించే తీరిక ఉంటుంది. బోర్డు మీద మాత్రం వాళ్ళ నోట్లో ఉన్న మాటే ఉండాలి. తొడుక్కోండి అనే క్రియ ఎలాగూ అక్కడే ఉంది, తొడుగు అందులోనే ఉంది.

"డబ్బు తీసుకోం" అనే మాట మాత్రం మీ యజమాని ఒప్పుకుంటేనే పెట్టండి. ఒప్పించడానికి గట్టిగా ప్రయత్నించండి. చిరిగిన గ్లౌజుకి జీతంలో కోత పెడితే ఎవరూ కొత్తది అడగరు, చిరిగిన దాంతోనే పనిచేస్తారు.